కొంగ గొణుగుడు

జూన్ 9, సోమవారం

ఇవాళ కొంగనయ్యాను.

ముప్ఫై ఏళ్ళు స్టేజీ మీద చక్రవర్తి వేషం కట్టినవాణ్ణి. సింహాసనం దిగి రెండడుగులు ముందుకేస్తే మొదటి వరసలో పిల్లలు ఏడుపు మానేసేవాళ్ళు. అలాంటివాణ్ణి ఇవాళ గాజు గదిలో నిలబెట్టి, "సార్, కొంచెం కొంగలాగా అనండి" అన్నారు. అన్నవాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు. టోపీ మాత్రం అన్నం తింటున్నా తీయడు. దర్శకుడట. టోపీ అనే రాస్తాను. ఎలాగూ జనానికి పెట్టబోయేదీ అదే.

సినిమాలో మనుషులుంటారు, మధ్యమధ్య బొమ్మలుంటాయి. కథంతా ఒక హోటల్లో. యజమాని మనిషి, దిగేవాళ్ళు మనుషులు, వడ్డించేది మాత్రం కొంగ. బొమ్మ కొంగ. సూపు గిన్నె పట్టుకొస్తుంది, కాలు జారుతుంది, సూపు ఎవరి నెత్తినో పడుతుంది. అది పుట్టింది అందుకే.

పోనీ ఆ కొంగకైనా నా గొంతు ఉంటుందా అంటే, అదీ లేదు. ముందు నేను చదవాలి. నేను చదివినదాన్ని బట్టి ఎక్కడో దూరదేశంలో బొమ్మలు గీసేవాళ్ళు కొంగ ముక్కు తెరుస్తారు, మూస్తారు. అంతా అయ్యాక పేరున్న హాస్యనటుడు వచ్చి నా గొంతు తుడిచేసి తనది పెడతాడు. దీన్ని గైడ్ ట్రాక్ అంటారని మా బావమరిది చెప్పాడు. అక్కడ సౌండు పట్టేది వాడే. ఈ పని ఇప్పించిందీ వాడే. బావమరిది బతుకు కోరతాడంటారు. వీడు కోరి కోరి కొంగ బతుకు కోరాడు.

ఒప్పుకున్నాను. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం కన్నా నయమని. అంతకుమించి ఆశ లేదు. ఇలాంటి సినిమాలో పేరు పడితే ఎంత, పడకపోతే ఎంత.

ఈ గదిలో లైటు చాలడం లేదు. అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఎవరికి పట్టింది.

జూన్ 10

సెట్లో కూడా నేనే చదవాలట, హీరోకి వినిపించడానికి. బల్ల వెనక నక్కి కూర్చున్నాను.

కర్ర చివర పచ్చ బంతి కట్టి ఒకడు పట్టుకుంటాడు. బంతి ఉన్నచోట కొంగ మొహం ఉన్నట్టు లెక్క. హీరో ఆ బంతిని చూసి కోప్పడాలి, జాలిపడాలి, చివర్లో కౌగిలించుకోవాలి. పొద్దున్నుంచీ చూశాను. ఇద్దరి నటనలో కర్రదే పైచేయి.

ఇంటికొచ్చేసరికి ఈ గదిలో కొత్త బల్బు వెలుగుతోంది. మా ఆవిడకి ఎలా తోచిందో. దేవుడు కూడా అప్పుడప్పుడు పొరపాటున మేలు చేస్తాడు.

జూన్ 12

మళ్ళీ గాజు గది. ఇవాళ్టి డైలాగులు ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఎప్పుడైనా నాకు నేను గొప్పవాణ్ణనిపిస్తే చూసుకోవడానికి.

"అయ్యగారూ, వేడివేడి సూపు! అయ్యయ్యో, వేడివేడి అయ్యగారు!"

ఇది రాసినవాడికి జీతం కూడా ఇస్తున్నారు. నేను చదువుతుంటే గాజుకి అవతల టోపీ పొట్ట పట్టుకుని నవ్వాడు. సొంత జోకుకి నవ్వేవాణ్ణీ సొంత డబ్బా కొట్టుకునేవాణ్ణీ ఒకే గాటన కట్టాలి.

ఒక్క సీను మాత్రం పరవాలేదు. పని అయ్యాక కొంగ వెనకవైపు మెట్ల మీద కూర్చుని హీరోయిన్‌తో అంటుంది: "ఇంటికెళ్తే మా కొంగమ్మ ఎదురుచూస్తుంటుందమ్మా." ఇంతే. టోపీ కళ్ళు తుడుచుకున్నాడు. నేను నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ బాగానే చదివాను, ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చి చెప్పాను. "ఊ" అంది. నేను ఏం చెప్పినా ఆవిడ దగ్గర ఉన్నది ఆ ఒక్క అక్షరమే. ముందు గదిలో కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరెవరివో జాకెట్లు సరిచేస్తూ ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో నా నాటకం ఎక్కడాడితే అక్కడికి వచ్చేది. ఇప్పుడు నేను ఇంట్లోకొస్తే సూది మీంచి కళ్ళెత్తదు. సూదికున్న విలువ నాకు లేదు.

మిషను ఆగింది. దారం తెగినట్టుంది.

జూన్ 14

కొంగ పని అయిపోయింది. టోపీ చెయ్యి కలిపి, "మీ గొంతు మాకు చాలా ఉపయోగపడింది సార్" అన్నాడు. ఊడ్చాక చీపురుతో కూడా ఇలాగే అంటాడు కాబోలు.

ఫిబ్రవరి 2

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయదగ్గ మనిషి ఒక్కడూ ఎదురుపడలేదు.

ఇవాళ బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, రేపొకసారి స్టూడియోకి రావాలి."

"ఎందుకురా?"

"వచ్చాక చెప్తాను. నువ్వు కోప్పడకూడదు."

కోపం తెచ్చుకోవడానికి కూడా ఎదుటివాడికి ఒక స్థాయి ఉండాలి.

ఫిబ్రవరి 3

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

చిన్న చీకటి గది, గోడకి తెర. టోపీ ఉన్నాడు, బావమరిది ఉన్నాడు, బొమ్మల పని చూసే ఒకావిడ ఉంది. ఆవిడకి మెడలో రెండు జతల కళ్ళద్దాలు వేలాడుతున్నాయి, ఒక్కటీ కళ్ళకి లేదు. ఎవరూ నా మొహం చూడటం లేదు.

తెర మీద కొంగ వచ్చింది. పొడుగు కాళ్ళు, నల్లకోటు, చేతిలో సూపు. హీరో ముందు వంగి "చిత్తం అయ్యగారూ" అంది. ముక్కు మూసుకుంది. అక్కడితో ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. తల పక్కకి తిప్పి, కళ్ళు సగం వాల్చి, ముక్కు చిన్నగా తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. మాట లేదు. తనలో తాను ఏదో అనుకుంటున్నట్టుంది.

ఇంకో సీను. అక్కడా అంతే. సూపు ఒలకబోసింది, జోకు చెప్పింది, పక్కకి తిరిగి ముక్కాడించింది. ప్రతి మాట వెనకా అదే తంతు.

"ఏమిటిది? కొంగకి పక్షవాతమా?" అన్నాను.

బావమరిది ఏదో మీట తిప్పాడు. "ఇప్పుడు విను బావా. మైకులో పడినదంతా ఉంది."

కొంగ వంగింది. "చిత్తం అయ్యగారూ." తల తిప్పింది. అప్పుడు నా గొంతు, మెల్లగా, స్పష్టంగా: "చిత్తం లేదు, చింతకాయ లేదు."

సూపు సీను: "జోకట జోకు. నా పిండాకూడు."

హీరో కొంగని కోప్పడ్డ సీను: "వీడి మొహానికి కర్రే ఎక్కువ."

బొమ్మలావిడ సంజాయిషీ ఇచ్చుకుంది. "గీసేవాళ్ళకి మన భాష రాదు సార్. ఏది డైలాగో, ఏది కాదో వాళ్ళకేం తెలుస్తుంది? చప్పుడుంటే ముక్కు తెరుస్తారు. మీరు దగ్గితే దగ్గు కూడా గీశారు. చాలా శ్రద్ధగా గీశారు." మళ్ళీ గీయించే వ్యవధి లేదట. సినిమా విడుదల తేదీ చెప్పేశారట.

నేను గొణగను. ఇదే అన్నాను వాళ్ళతో. ముప్ఫై ఏళ్ళ స్టేజీ నాది. నా నోట్లోంచి వచ్చిన మాట చివరి వరసకి వినపడాలనే వస్తుంది. మైకులో ఏదో తేడా జరిగింది. ఎవడో నా గొంతు అనుకరించాడు.

"ముందే విని కత్తిరించలేదేంరా?" అని బావమరిదిని పట్టుకున్నాను.

"విన్నాను బావా. ఒట్టు. మీ ఇంటికొచ్చినప్పుడల్లా వినేదే కదా, చెవికి ఆనలేదు."

తలాతోకా లేని జవాబు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పని చేతకానివాడు ఏదో ఒకటి చెప్తాడు.

ఆఖరున మెట్ల సీను వేశారు. వద్దంటే బాగుండేది. "ఇంటికెళ్తే మా కొంగమ్మ ఎదురుచూస్తుంటుందమ్మా." హీరోయిన్ నవ్వి లోపలికెళ్ళింది. కొంగ ఒక్కటే మిగిలింది. తల తిప్పింది.

"చూస్తుంది, చూస్తుంది. ఇవాళైనా రాకపోతే బాగుండునని చూస్తుంది."

టోపీ టోపీ సర్దుకున్నాడు. బొమ్మలావిడ కళ్ళద్దాలు తుడిచింది. బావమరిది అక్కర్లేని మీటలన్నీ తిప్పాడు. వాడికి ఒకే ఒక్క అక్క. ఆవిడే మా ఆవిడ.

ఫిబ్రవరి 4

హాస్యనటుడు దయచేశాడు. వాడి వెనక మంచినీళ్ళ సీసా పట్టుకోవడానికొకడు, ఫోను పట్టుకోవడానికొకడు. నవ్వు పట్టుకోవడానికి మాత్రం ఎవడూ లేడు.

కొంగ ముక్కాడించే చోటల్లా వాడు ఏదో ఒకటి నింపాలి. మొదట "లాలలా" అన్నాడు. తర్వాత "ఏమోలే, ఏమోలే" అన్నాడు. తర్వాత పాత సినిమా పాట ఎత్తుకున్నాడు. ఏదీ అతకలేదు. అంత నీచంగా కళ్ళు వాల్చిన కొంగ నోట్లో లాలలా ఏమిటి? చివరికి టోపీ నా ట్రాకు వినిపించి, అచ్చం అలాగే అనమని బతిమాలాడు. ప్రయత్నించాడు పాపం. పెళ్ళికొడుకు పెళ్ళిలో మొహమాటంగా తిట్టినట్టుంది.

చెవులకి పెట్టుకున్నవి తీసి బల్ల మీద పడేశాడు. "ఇది నా వల్ల కాదు. ఇది నటన కాదండీ, జబ్బు. ఎవరికుందో వాళ్ళనే పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు.

అసూయ. అందని ద్రాక్ష పుల్లన.

ఫిబ్రవరి 5

టోపీ నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా గొంతే ఉంచేస్తారట. గొణుగుడుతో సహా. తెర మీద నా పేరు, ఒంటరిగా, కొంగ బొమ్మ పక్కన.

"ఆలోచించి చెప్తాను" అన్నాను. లిఫ్టు దిగి, మళ్ళీ ఎక్కి, సరేనన్నాను.

ఒక్క షరతు పెట్టాను. మెట్ల మీది మాట మార్చాలి.

"సార్, సినిమాకి అదే ప్రాణం" అన్నాడు టోపీ.

"మారిస్తేనే."

"సరే, ముక్కుకి సరిపోయేది ఏదైనా చెప్పండి."

మైకు ముందు నిలబడ్డాను. "చూస్తుంది, చూస్తుంది. అన్నం చల్లారిపోతోందని చూస్తుంది." టోపీ తల అడ్డంగా ఊపాడు. "చూస్తుంది, చూస్తుంది. జీతం ఎప్పుడు తెస్తానా అని చూస్తుంది." బొమ్మలావిడ ఆవలించింది. "చూస్తుంది, చూస్తుంది. కళ్ళు కాయలు కాచేలా చూస్తుంది." ఇది నాకే అసహ్యం వేసింది. సాయంత్రం దాకా అన్నాను. ముక్కు సరిపోయేది, కళ్ళు సరిపోయేవి కావు. ఆ కొంగ కళ్ళు ఆ ఒక్క మాటకే గీశారు.

"సార్, అవన్నీ డైలాగులు. ఇదొక్కటే మాట" అన్నాడు టోపీ. "మీరు కాదంటే ఈ సీను తీసేస్తాను. అది లేకపోతే కొంగ ఉత్త సూపు ఒలకబోసే కొంగే. అప్పుడు పేరు ఒంటరిగా వేయడం కష్టం, అందరితో కలిపి చివర్లో వేస్తాం."

చివర్లో. జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు.

"ఉంచండి" అన్నాను. కళ కోసం ఒప్పుకున్నాను. పేరు కోసం కాదు.

వరండాలో బావమరిది పట్టుకున్నాడు. "బావా, అక్క వింటుంది కదా."

"మీ అక్క నా నాటకం చూసి ఏళ్ళయింది. సినిమాకొస్తుందా?"

"వస్తానంది. నేను చెప్పాను, నీ పేరు పడుతుందని."

వీడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఫిబ్రవరి 20

సినిమా చెత్తగా ఉందని చెప్పాను ఆవిడకి. "ఊ" అంది.

ఫిబ్రవరి 23

హాల్లో ఏసీ పనిచేయదని చెప్పాను. "ఊ."

మార్చి 1

మనిషికొక్క టికెట్టే ఇస్తారని చెప్పాను. "తమ్ముడు నా టికెట్టు తెచ్చిచ్చాడు" అంది. ఇన్నేళ్ళకి నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడింది, అదీ ఇలాంటిది.

ఆవిడ వింటే ఏమవుతుంది? ఏమీ కాదు. అది కొంగ మాట. కొంగ తన పెళ్ళాన్ని అంటే నా పెళ్ళానికేం? నేను భయపడటం లేదు. రెండు రాత్రులు నిద్రపట్టకపోవడం ఉక్కకి.

మార్చి 6

హాలు నిండింది. విడుదలకి ముందు తెలిసినవాళ్ళకి వేసిన ఆట. నేను, ఆవిడ, మధ్యలో బావమరిది. వాణ్ణి కావాలనే మధ్యలో కూర్చోబెట్టాను.

పేరు పడింది. ఒంటరిగా. చదివే లోపే పోయింది.

"చిత్తం లేదు, చింతకాయ లేదు" అనగానే హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత కొంగ తల తిప్పితే చాలు, మాటకి ముందే నవ్వులు. వెనక ఎవరో పిల్ల "అమ్మా, అచ్చం తాతయ్యే" అంది. ముప్ఫై ఏళ్ళు చక్రవర్తినైతే చప్పట్లు కొట్టారు, బాగానే కొట్టారు, కానీ ఎవరూ ఒకర్నొకరు పొడుచుకుని నా వైపు చూపించలేదు. ఎంత తక్కువ రకం ప్రేక్షకులో. సంతోషం మాత్రం వేసింది. ఎందుకు దాచాలి, వేసింది.

మెట్ల సీను వచ్చింది. నేను కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ మాట పడగానే ఎప్పుడూ లేనంత నవ్వు. మగవాళ్ళూ నవ్వారు, ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు. బావమరిది అవతలి నుంచి ఒక నవ్వు వినిపించింది. ఆవిడదే. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో, గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

బతికిపోయాననుకున్నాను.

బస్సులో ఇద్దరమే. బావమరిది స్టూడియోకి వెళ్ళాడు. ఆవిడ కిటికీ వైపు కూర్చుంది.

"బాగుందా?" అన్నాను.

"బాగుంది."

"ఆ మెట్ల మీది మాట... అది టోపీ రాసిందే. నేను ఉత్తినే చదివాను."

"ఆయన మన ఇంటికెప్పుడొచ్చాడు?"

"ఎందుకొస్తాడు?"

"మరి ఆ మాట ఆయనకెలా తెలిసింది? మీరు రోజూ మన గుమ్మంలో చెప్పులు విప్పుతూ అనేదే కదా. నేను గడియ తీసేలోపల."

నేను నవ్వాను. "నేనా? నేనెప్పుడన్నాను?"

"రోజూ." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు జవాబు దొరికేది. "మొదట్లో గబగబా తలుపు తీసి, లేదండీ, నిజంగానే ఎదురుచూస్తున్నానని చెబుదామనుకునేదాన్ని. తీసేసరికి మీ మొహం మామూలుగా ఉండేది. నేనే తప్పు విన్నానేమో అనుకునేదాన్ని. రోజూ వింటుంటే ఏమవుతుంది చెప్పండి? ఓహో, నేను అలాగే అనుకుంటున్నాను కాబోలు అనిపించింది. ఆ తర్వాత ఎప్పటినుంచో తెలీదు, నిజంగానే అనుకోవడం మొదలెట్టాను."

కండక్టరు వచ్చాడు. చిల్లర ఆవిడే ఇచ్చింది.

"మరి హాల్లో నవ్వావెందుకు?" అన్నాను.

"అక్కడ అంతమంది ఉన్నారు కదా, నవ్వొచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే కదా వినేది."

దిగాల్సిన చోటు దాటిపోయాక ఇద్దరం గమనించాం. వెనక్కి నడిచి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు పెదాలు బిగబట్టాను. పళ్ళు నొప్పెట్టాయి.

మార్చి 7

పొద్దున్నే మూల మీది టీ కొట్టుకెళ్ళాను. అతణ్ణి అడిగాను, మామూలుగా, ఊసుపోక అడిగినట్టు: "నేను గొణుగుతానా?"

అతను గ్లాసు కడుగుతూ నవ్వాడు. "ఏంటి సార్ అలా అడుగుతారు? వచ్చిన కొత్తలో గ్లాసు ఎత్తి, ఇది టీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా అనేవారు. అప్పట్నుంచే కదా మీ ఒక్కరికీ పాలు ఎక్కువ పోస్తున్నాను."

అతని టీ బాగుంటుందని, అది నా అదృష్టమని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

మందుల షాపులో పిల్ల నన్ను చూడగానే ఎందుకు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి చూపిస్తుందో తెలిసింది. పై వాటా ఆయన మెట్ల మీద ఎదురైతే ఎందుకు గోడకి అంటుకుపోతాడో తెలిసింది. మా నాటకం కంపెనీ మూతపడే ముందే నాకు వేషాలెందుకు తగ్గాయో, అది కూడా తెలిసినట్టే ఉంది. దాని గురించి ఇవాళ రాయను.

సిగ్గుగా ఉంది. వేరే మాట వెతికాను, దొరకలేదు.

మార్చి 8

పేపర్లో సినిమా గురించి వేశారు. కొంగని మెచ్చుకున్నారు. రాసినవాడికి... వద్దు. ఏమీ అనను.

మార్చి 9

ఇవాళ ఒక్క మాట కూడా నా ప్రమేయం లేకుండా నోట్లోంచి రాలేదు. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కనిపెట్టి చూశాను. పేపరు చదువుతూ పెదాల మీద వేలు పెట్టుకున్నాను. రెండుసార్లు కదిలాయి, ఆపాను. కష్టమేం కాదు. చక్రవర్తి వేషంలో గంటసేపు రెప్ప కొట్టకుండా నిలబడ్డవాణ్ణి.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముందు గదిలో ఆవిడ ఏవో గుండీలు కుడుతోంది. నేను ఎడమ చేత్తో నోరు గట్టిగా మూసుకుని కుడి చేత్తో రాస్తున్నాను. కాస్త ఇబ్బందిగా ఉన్నా అలవాటవుతుంది. నాదంటూ చెప్పుకోవడానికి ఇంట్లో ఈ డైరీ అయినా మిగిలింది. ఇందులో ఏం రాసినా ఎవరికీ

ఇప్పుడే పిలిచింది.

"ఏమండీ, ఇవాళ డైరీ రాయడం లేదా?"

చెయ్యి తీసి, "రాస్తున్నాను" అన్నాను.

"మరి వినపడటం లేదే?" అంది.